పక్కన ఒంగే మనిషి

మార్చి వచ్చిందంటే మా స్కూలు వరండాలో ముగ్గుల పోటీ మొదలవుతుంది. మహిళా దినోత్సవం కదా. ముగ్గుల పోటీ, వంటల పోటీ, టీచరమ్మలకి మ్యూజికల్ చైర్స్. ఏడాది పొడుగునా మేం ముగ్గులు వెయ్యడం, వంటలు చెయ్యడం, కుర్చీ దొరక్క నిలబడడం ఎవరి కంటా పడనట్టు, ఆ ఒక్కరోజు వాటికే బహుమతులు ఇస్తారు. స్టీలు గిన్నెలు. పెదబయలులో నేనుండే క్వార్టర్లో ఆ గిన్నెలు దొంతరగా పేరుకున్నాయి. ఉండేది ఒక్కదాన్నే కాబట్టి ఒకదాంట్లోనే తింటాను.

పోటీలయ్యాక ఉపన్యాసాలు. అక్కడ నా వంతు వస్తుంది. "మీ అమ్మగారి గురించి చెప్పండి మేడమ్. కొండల్లో పుట్టి, నాగలి పట్టి, మిమ్మల్ని చదివించిన తల్లి. పిల్లలకి స్ఫూర్తిగా ఉంటుంది" అంటారు. నేను గొంతు బాగాలేదంటాను. సరిగ్గా మార్చిలోనే నా గొంతు పాడవుతుందని మా హెడ్మాస్టరు గారు నవ్వుతారు. మంచాయనే, అంతకుమించి అడగరు. మైకు ముందు చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయను. ఎందుకు రాయనో చివరిదాకా చదివితే తెలుస్తుంది.

అనంతగిరి దాటాక అరకు రోడ్డు వదిలి, కాఫీ తోటల పక్క నుంచి కిందికి దిగితే ఒక గెడ్డ వస్తుంది. ఆ వాగుకి అవతల మా ఊరు. ఇళ్లు కొన్నే. వాటి వెనక మెట్లు మెట్లుగా వరి మళ్లు, వాటి పైన రాగులు, సామలు వేసే కొండ. మా ఊళ్లో ఆడవాళ్లు చెయ్యని పని లేదు. కొండ మీద పొదలు నరికేదీ, గొడ్డలి భుజాన వేసుకుని కట్టెలకి పోయేదీ, అడ్డాకులు కుట్టి సంతకి మోసేదీ, పసుపు ఉడకబెట్టేదీ వాళ్లే. చెయ్యకూడని పని ఒక్కటే. నాగలి ముట్టకూడదు. ఇంటి చూరు కింద ఆనించిన నాగలిని దాటకూడదు కూడా, చుట్టూ తిరిగి పోవాలి. ఆడది నాగలి మేడి పట్టుకుంటే వాన వెనక్కి పోతుందని మా పెద్దల మాట. ఎవరూ దాన్ని పరీక్షించి చూడలేదు. అవసరమూ రాలేదు, ఇంటికో మగాడు ఉన్నంత కాలం.

మా ఇంట్లో మగాడు నా చిన్నప్పుడే లేకుండా పోయాడు. చచ్చిపోలేదు. డొంకరాయి వైపు కరెంటు పనుల్లోకి కూలికి వెళ్లాడు. మొదట్లో పండక్కి వచ్చేవాడు, తర్వాత కబురు వచ్చేది, ఆ తర్వాత అక్కడే ఇంకో మనిషితో కాపురం పెట్టాడని తెలిసింది. మాకు మిగిలినవి ఒక జత ఎడ్లు, గెడ్డ పక్కన పల్లపు మడి, అమ్మ, నేను.

నాన్న ఇక రాడని తెలిసిన ఏడాది మా పక్క మడి తాత దున్నిపెడతానన్నాడు. అమ్మకి ఆయన మావ వరస. నడుం నొప్పి మనిషి. ఆయన మడి అయ్యి మా మడికి వచ్చేసరికి నీళ్లు ఇంకిపోయి నేల బిగుసుకుపోయింది. పంట సగం కూడా రాలేదు. మా చిన్నాన్న వచ్చి, "వొదినా, మడి నాకిచ్చెయ్యి. మీ ఇద్దరూ ఎంత తింతారు, గింజలు నానే పంపుతాను" అన్నాడు. చిన్నాన్న పంపిన గింజలు తిని బతికే వదిన, చిన్నాన్న ఎప్పుడు లెమ్మంటే అప్పుడు లేవాల్సిన వదిన అవుతుందని అమ్మకి తెలుసు.

మరుసటి ఏడు వానలు పడగానే అమ్మ తెల్లవారకముందే ఎడ్లు తోలుకుని పోయింది. మా కొండల్లో వానాకాలం పొద్దుటిపూట మబ్బు నేల మీదకి దిగుతుంది. గట్టు మీద నిలబడ్డవాడికి మడిలో మనిషి కనపడడు, ఎడ్ల గంటలు వినపడతాయంతే. ఆ మంచులో అమ్మ దున్నింది. ఎండ పొర పొరగా వచ్చే వేళకి తాత తన ఇంట్లోంచి దగ్గుకుంటూ వచ్చి, మా మడిలో దిగి, అమ్మ చేతిలోంచి మేడి అందుకునేవాడు. చివరి సాళ్లు ఒకటో రెండో దున్నేవాడు. అమ్మ గట్టెక్కి, అంబలి పోసిన సొరబుర్ర పట్టుకుని నిలబడేది. అప్పటికి మంచు విడేది. దారిన పోయేవాళ్లు కేకేసేవారు.

"ఏటి మావా, కోడలి మడి దున్నేత్తన్నావా?"

"దున్నీసినాను. అయిపోనాది" అనేవాడు తాత, అప్పుడే ఎకరం దున్నినవాడిలా నడుం మీద చెయ్యేసుకుని.

అడిగినవాళ్లకి తెలుసు. రాత్రి తాత ఎంతసేపు దగ్గాడో, పొద్దున్న ఎన్నింటికి లేచాడో పక్కింటివాళ్లకి తెలియదా? ఊరంతటికీ తెలుసు. అయినా అడిగేవారు, ఆయన చెప్పేవాడు, అందరూ తృప్తిగా వెళ్లిపోయేవారు. తాత దున్నాడంటే తాత దున్నాడు. వాన ఎక్కడికీ పోలేదు. ఊడుపులప్పుడు తాత పెళ్లాం, నేను అవ్వా అని పిలిచే మనిషి, ఊళ్లో ఆడవాళ్లందరినీ వెంటేసుకుని మా మడిలో దిగేది. మా వైపు వరి నారుని ఆకు అంటాం. ఈ రోజు నీ మడిలో నేను ఆకు పాతితే, రేపు నా మడిలో నువ్వు పాతాలి. దాన్నే బదులు అంటాం. మా అమ్మ పక్కన ఎప్పుడూ అవ్వే ఒంగేది. ఇద్దరిదీ ఒకటే వేగం, ఒకటే వాగుడు.

అలా కొన్నేళ్లు గడిచాయి. నేను అరకు దగ్గర ఆశ్రమ పాఠశాల హాస్టల్లో చేరాను. తొమ్మిదో తరగతికి వచ్చాను. తొంభైలు చివరికొచ్చేశాయి.

అప్పుడు వచ్చిందామె. మైదానం నుంచి వచ్చిన అమ్మాయి, సంఘాలు పెట్టించడానికి ఊరూరా తిరిగేది. భుజానికి సంచి, కాళ్లకి బూట్లు, ఎండకీ వానకీ ఒకటే నవ్వు. నేను ఇప్పటికీ ఆమెని తిట్టలేను. జీపు రాని ఊళ్లకి నడిచి వచ్చేది, మాతో పాటు అంబలి తాగేది. ఒక వానాకాలం పొద్దున్నే గెడ్డ దాటి వస్తూ, మంచులో గంటల చప్పుడు విని మా గట్టు మీద ఆగింది. మంచు కాస్త పలచబడింది. మేడి పట్టుకున్న మా అమ్మ కనపడింది.

అమ్మ చేత్తో వద్దన్నట్టు ఊపి, "సూసినట్టు సెప్పకమ్మా" అంది. అంతకంటే ఎలా చెప్పాలో ఆమెకి తెలియలేదు. ఆ అమ్మాయి అది సిగ్గు అనుకుంది. మా వాళ్లు చూడనట్టు ఉండడం ఎంత పెద్ద పనో, దానికి ఎంతమంది ఎన్నేళ్లు సాయం పట్టారో, బయటి మనిషికి ఎలా అర్థమవుతుంది? ఆమె కంటికి కనపడింది ఒక్కతే ఆడది, ఒక నాగలి.

తర్వాతి మార్చిలో మండలం ఊళ్లో మహిళా దినోత్సవం పెట్టారు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆడవాళ్లని లారీలో తెచ్చారు. మా ఊరి లారీలో తాత కూడా ఎక్కాడు, ఉప్మా పెడతారని. మా హాస్టలు పిల్లల చేత స్వాగతం పాట పాడించారు కాబట్టి నేను స్టేజీ పక్కనే ఉన్నాను. అవ్వ ముందు వరసలో చాప మీద కూర్చుంది. తాత వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

అమ్మని పైకి పిలిచారు. ఎందుకో ఆమెకి చెప్పలేదు. ఆశ్చర్యపరుద్దామనుకున్నారట. ఒక పెద్ద అధికారి భార్య శాలువా కప్పింది. ఆ అమ్మాయి మైకు అందుకుని చెప్పింది. "ఈ తల్లి చీకటితో లేచి నాగలి పట్టి తన పొలం తనే దున్నుకుంటోంది. ఏ మగవాడి సాయమూ లేకుండా."

చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను. మా ఊరి ఆడవాళ్లు కూర్చున్న చోట మాత్రం ఒక్క చప్పట కూడా మోగలేదు. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు, నేల చూశారు. అవ్వ మెడ తిప్పి వెనక గోడ వైపు చూసింది. తాత అక్కడ లేడు. ఆ రోజు ఆయన లారీ ఎక్కకుండా అంత దూరమూ నడిచి ఇంటికి వెళ్లాడు.

అమ్మ చేతికి మైకు ఇచ్చారు. ఆమె దాన్ని నోటికి దగ్గరగా కాదు, మేడి పట్టుకున్నట్టు కింద పట్టుకుంది. ఎవరో పైకెత్తారు. "నానెందుకు దున్నుతాను?" అంది అమ్మ. "మా మావ దున్నుతాడు. ఏటా ఆయనే దున్నుతాడు."

హాలంతా నవ్వింది, మళ్లీ చప్పట్లు కొట్టింది. "చూశారా, ఎంత వినయమో!" అన్నారు మైకులో. అంతమంది ముందు నా తల్లి అబద్ధమాడి ఒక ముసలాయన పరువు నిలబెట్టాలని చూస్తోందని, ఆ అబద్ధాన్ని ఎవరూ పుచ్చుకోవడం లేదని, పద్నాలుగేళ్ల నాకు అర్థమైంది. చప్పట్లు ఆపేశాను. ఆ క్షణంలో స్టేజీ మీద అమ్మ అంత ఒంటరి మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఊరికి తిరిగొచ్చాక పంచాయితీ పెట్టారు. పెద్దలు కోపంగా ఏమీ లేరట. ఇబ్బందిగా ఉన్నారట. చెవిన పడనంత కాలం పడలేదు, మైకులో పడ్డాక ఇక విననట్టు ఎలా ఉంటారు? తప్పు కట్టమన్నారు. అంటే ఒక మేక, ఊరికి కూడు. నేలతల్లికి ఆ మేకని ఇచ్చి, ఇక మేడి ముట్టనని మాట ఇస్తే అయిపోతుంది.

అమ్మ లేచి, "మేక కావాలంటే తోలుకుపొండి. మాటైతే ఇవ్వను" అంది.

మేకని ఎవరూ తోలుకుపోలేదు. వెలి అని కూడా ఎవరూ అనలేదు. అనుంటే బాగుండేదేమో, ఎదురు తిరగడానికి ఒక మాటైనా ఉండేది. ఊరికే పిలవడం మానేశారు.

మా దగ్గర చైత్రంలో ఇటుకల పండగ వస్తుంది. మగాళ్లు వేటకి పోతారు. ఆ రోజులు ఊరు ఆడవాళ్లది. దారికి అడ్డంగా దుంగ వేసి, పాటలు పాడుతూ లారీల్నీ జీపుల్నీ ఆపి, ఏదో ఒకటి ఇచ్చేదాకా కదలనివ్వరు. వేట దొరక్క ఉత్త చేతుల్తో వచ్చిన మగాడి మీద పేడనీళ్లు కుమ్మరిస్తారు. ఎంత పెద్దమనిషైనా తలవంచుకుని కుమ్మరించుకోవాల్సిందే. మహిళా దినోత్సవం అంటే ఏమిటని నన్నడిగితే నేను ముందు ఆ పేడనీళ్లే చెబుతాను. శాలువాలు కప్పినవాళ్లు ఎవరూ ఆ పండక్కి రాలేదు, వస్తే వాళ్ల జీపు కూడా ఆపేవాళ్లం. ఏటా ఆ దుంగ దగ్గర అందరికంటే పెద్ద గొంతు మా అమ్మది. ఆ ఏడు ఆమె గుమ్మంలో కూర్చుని రాగులు చెరిగింది. సాయంత్రం థింసా మొదలైంది. ఒకరి నడుం వెనక నుంచి ఒకరు చెయ్యి పోనిచ్చి గొలుసులా కట్టుకుని ఆడే ఆట. గొలుసులోకి చేరాలంటే ఎవరో ఒకరు చెయ్యి విప్పాలి. అమ్మ చివరిదాకా డప్పు వింటూ కూర్చుని, తర్వాత లోపలికి వెళ్లి పొయ్యి ఆర్పింది.

శాలువా సంగతి చెప్పలేదు కదా. జరీ అంచుది, తళతళలాడేది, మా చలికి ఎందుకూ కొరగానిది. అమ్మ దాన్ని పెట్టెలో దాచలేదు, పారెయ్యలేదు. రాగుల గంప మీద ఎలకలు పడకుండా కప్పింది.

వేసవి సెలవుల్లో ఇంటికి వెళ్తే అమ్మ కొన్ని ఆదివారాలు పక్కూరి ప్రార్థన మందిరానికి వెళ్లొస్తోందని తెలిసింది. మేం చర్చి వాళ్లం కాదు. "ఎందుకెల్తన్నావే?" అని అడిగాను. "అక్కడ ఆడోల్లందరూ సాప మీద ఆనుకుని కూకుంతారు" అంది. పాటలు బాగుంటాయా అంటే బాగుంటాయంది. పాస్టరు గారు ఏం చెబుతారంటే తెలీదంది. నాకు ఏడుపొచ్చింది. అమ్మకి కావలసింది దేవుడు కాదు, భుజానికి తగిలే ఇంకో భుజం. కొన్నాళ్లకి అదీ మానేసింది, తనది కాని చాప అనుకుందో ఏమో.

జూన్‌లో వానలు వచ్చాయి. ఆలస్యంగా వచ్చాయి, కానీ వచ్చాయి. ఆలస్యానికి కారణం ఎవరో అందరికీ తెలుసని అందరి మొహాలూ చెప్పాయి. అమ్మ ఇక మంచు కోసం చూసుకోలేదు. దాచడానికి ఏముంది గనక? ఎండ వచ్చాకే ఎడ్లు తోలింది. తాత రాలేదు. ఆయన తన అరుగు మీద మా మడికి వీపు పెట్టి కూర్చునేవాడు. అమ్మ మాత్రం సొరబుర్రలో అంబలి ఎప్పటిలాగే ఇద్దరికి సరిపడా పోసుకుని వెళ్లేది. మిగిలింది ఎడ్లకి పోసేది. ఒకరికి ఎంత పొయ్యాలో ఆమె చేతికి కొలత తెలియలేదు.

ఊడుపుల వేళకి నాకు మలేరియా వచ్చి, తగ్గాక బలం పట్టడానికి హాస్టలు నుంచి ఇంటికి పంపారు. గుమ్మంలో గొంగళి కప్పుకుని పడుకుంటే కింద మడి కనపడేది. అమ్మ నన్ను నీళ్లలో దిగనివ్వలేదు. "మల్లీ జొరమొత్తే నానేటి సేత్తాను? కూకో" అంది. ఆకు తీసేది ఆమే, కట్టలు మోసేది ఆమే, పాతేది ఆమే.

ఊడుపు ఒంటరి పని కాదు. వరసగా ఒంగి వెనక్కి వెనక్కి నడుస్తూ పాతాలి. పక్కన మనిషి ఉంటేనే వరస తిన్నగా వస్తుంది. పాటా అంతే. ఒకరు చరణం విసిరితే అవతలివాళ్లు అందుకోవాలి. అమ్మ పాడేది. తన సగం పాడి ఆగేది. అవతలివాళ్ల సగానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఊరుకుని, మళ్లీ తన సగం ఎత్తుకునేది. మొదట నేను ఆయాసం అనుకున్నాను. తర్వాత అర్థమై గొంగళి తలమీదకి లాక్కున్నాను. మా ఊరి మీద నాకున్న కోపం అప్పటిది. ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

ఎంత పాతినా మడి తరగలేదు. ఆకు ముదిరిపోతోంది. ముదిరిన ఆకు పాతితే పిలకలు రావు. చిన్నాన్న గట్టు మీద నుంచి ఓసారి చూసి వెళ్లాడు. ఈ ఏడు పంట పోతే మడి ఎవరి చేతికి పోతుందో ముగ్గురికీ తెలుసు.

ఒకరోజు పొద్దున్నే, తలుపు తీస్తే గుమ్మం దాటి ఏమీ కనపడనంత మంచు. కింద మడిలోంచి నీళ్ల చప్పుడు వినపడింది. ఒకరిది కాదు. గాజుల చప్పుడు, కాళ్లు బురదలోంచి లాగే చప్పుడు, ఆకు కట్ట నీళ్లలో పడిన చప్పుడు. పాట లేదు. మాట లేదు. మా ఊళ్లో ఆడవాళ్లు పాట లేకుండా ఊడ్చడం నేను అంతకుముందు వినలేదు. నేను ఒక్క గెంతు గెంతబోయాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది.

"సూడకు" అంది.

"అందరూ వొచ్చినారే!"

"సూడకంతన్నాను కదా గుంటా. ఇటు తిరుగు."

ఇద్దరం పొయ్యి వైపు మొహం పెట్టి, మడికి వీపు పెట్టి కూర్చున్నాం. తాత అరుగు మీద కూర్చున్నట్టే. మంచు విడేసరికి మడిలో ఎవరూ లేరు. మడి నిండా ఆకు నిలబడి ఉంది. గట్టు పక్కన రెండు వరసలు మాత్రం ఖాళీగా వదిలేశారు. ఎందుకు వదిలారో అమ్మకి చెప్పక్కర్లేదు. ఆమె దిగి ఆ రెండు వరసలూ పాతింది. దారిన పోయే ఒకామె ఆగకుండానే, "ఊడ్సీసినావా?" అని అడిగింది. "ఊడ్సీసినాను" అంది అమ్మ.

ఆ రాత్రి నేను సంతోషంతో ఏదేదో వాగాను. పంట దక్కింది, మడి దక్కింది, నా చదువు దక్కింది. అమ్మ చాలాసేపు విని, "మడికొచ్చినారు. నాకాడికి రానేదు" అంది.

పంట కోసుకున్నాం. చలికాలంలో తాత పోయాడు. ఆ దగ్గుతోనే పోయాడు. మార్చి నుంచీ మా అమ్మతో ఒక్క మాట మాట్లాడకుండానే పోయాడు. అమ్మ వెళ్లి వాళ్ల ఇంటి ముందు దూరంగా నిలబడి, అందరూ వెళ్లిపోయాక వచ్చింది. సంఘాలు పెట్టించిన అమ్మాయికి అప్పటికే ఎక్కడికో బదిలీ అయింది. మరుసటి మార్చిలో ఇంకెవరికో శాలువా కప్పారు. ఆ తల్లికి ఏమైందో నాకు తెలియదు.

ఆపైన వచ్చిన వానాకాలం సంగతి చెప్పి ముగిస్తాను. నేను పదో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో ఉన్నాను. తొలివానలు పడ్డాయి. అవ్వకి ఒక్కతే కూతురు, కొండ అవతల ఊరికి ఇచ్చారు. అవ్వ మడి దున్నేవాళ్లు లేరు. అడిగితే చిన్నాన్న ఆమెకీ అదే మాట చెప్పాడట. మడి నాకిచ్చెయ్యి, గింజలు పంపుతాను.

మధ్యాహ్నం ఎండలో అమ్మ మడి దున్నుతోంది. నేను గట్టు చెక్కుతున్నాను. అవ్వ వచ్చింది. దారిలో వచ్చింది, పొదల చాటుగా కాదు. చంకలో సొరబుర్ర. మా గట్టు మీద నిలబడి, ఏడాదికి పైగా మాటలు లేని మనిషిలా కాదు, నిన్ననే మాట్లాడి వదిలేసినట్టు మొదలుపెట్టింది.

"నాది కూడా దున్నీ. ఊడుపుకి నానొత్తాను."

అమ్మ ఎడ్లని ఆపింది. తిరిగి చూడలేదు. "మంచులో దున్నను అత్తా" అంది. "దున్నితే పగలే దున్నుతాను. అందరూ సూత్తారు."

నేను పార ఆపేశాను. ఒప్పుకోవడానికీ, వెనక్కి తిరిగిపోవడానికీ ఆ ముసలావిడకి ఒకే గట్టు. అవ్వ వెనక్కి తిరిగి ఊరి వైపు చూసింది. అరుగుల మీద మనుషులున్నారు.

"సూడనీ" అంది. "నాను గట్టు మీదే కూకుంతాను."

మర్నాడు మా అమ్మ అవ్వ మడి దున్నింది. పొద్దెక్కాక మొదలుపెట్టి, ఎండలో, ఊరంతా పనుల మీద తిరిగే వేళ. అవ్వ అన్నట్టే గట్టు మీద ఊరి వైపు మొహం పెట్టి కూర్చుంది, కాళ్లు చాపుకుని, చుట్ట ముట్టించి. ఎవరో ఆగి, "ఏటత్తా, ఎవులు దున్నుతున్నారు?" అని పాత అలవాటు కొద్దీ అడిగారు. జవాబు చెప్పడానికి తాత లేడు.

"నీకు కల్లు నేవా? మా కోడలు దున్నుతోంది" అంది అవ్వ.

అంతే. చప్పట్లు లేవు. అడిగిన మనిషి తన దారిన వెళ్లిపోయింది. చివరి సాళ్లు కూడా అమ్మే దున్నింది.

నేను కాలేజీలో చేరే ముందు వారం మా ఊడుపు. అమ్మ ఆకు కట్టలు పరిచి, ఒక్కతే దిగింది. అవ్వ ఆలస్యంగా వచ్చింది, వస్తూనే తిట్టుకుంటూ వచ్చింది. "ఆకు ఇంత ముదరనిచ్చినావేటి? బేగి ఒంగు" అని కసిరి, చీర ఎగదోపి, అమ్మ పక్కన ఒంగింది. ముసలి నడుం, మునుపటి వేగం లేదు. అమ్మ తన వేగం తగ్గించుకుంది. కాసేపటికి చరణం ఎత్తుకుంది. తన సగం పాడి, నిరుడు పట్టిన అలవాటు ప్రకారం ఆగి, మౌనంగా ఆకు పాతుకుంటూ పోయింది. అవ్వ ఆయాసం తీర్చుకుని, గొంతు సవరించుకుని, కాస్త ఆలస్యంగా రెండో సగం అందుకుంది.